గైర్‌ముల్కీ తీగ

రోగం పేరు సరిగ్గా చెప్పిన వైద్యుణ్ణి, ఆ రోగాన్ని ఊళ్ళోకి మోసుకొచ్చింది నువ్వేనని మీరెప్పుడైనా నిలదీశారా? తొందరపడి లేదనకండి. అడిగితే నేనూ లేదనే చెప్పేదాన్ని. కానీ ఆ పని నేను చేశాను. అదీ రహస్యంగా కాదు, ఊరంతా వింటుండగా చావడి మెట్ల మీద నిలబడి, చప్పట్ల మధ్య చేశాను.

ఆ సంగతి మొన్న కనకమామిడిలో మళ్ళీ ఎదురైంది. మా తమ్ముని మనవడు అక్కడ అర ఎకరంలో ఫామ్‌హౌస్ కట్టుకొని, ప్రార్థన పెట్టించి, బంధువులందరినీ భోజనానికి పిలిచాడు. గేటు మీద ఇనుప కమాను. కమాను నిండా ఒక తీగ, తీగ నిండా గులాబిరంగు పూల గుత్తులు. గాలి వీచినప్పుడల్లా అవి చిన్న చిన్న కాగితపు గంటల్లా ఊగుతున్నాయి. చూడముచ్చటగా ఉన్నదన్న మాట నేను కాదనలేను. "నానమ్మా, ఎట్లున్నది? నీళ్ళు పొయ్యకున్నా బతుకుతదని నర్సరీవాడు గ్యారంటీ ఇచ్చిండు" అన్నాడు పిల్లవాడు. అమ్మకందారులు ఇచ్చే హామీల్లో ఇంత నికార్సయినదాన్ని నా డెబ్బయ్యైదేళ్ళ జీవితంలో నేను వినలేదు. వాడు అక్కడితో ఆగక, ఫోనుతో ఆ పూలను ఫొటో తీసి, తెర మీద వచ్చిన లాటిను పేరు కష్టపడి చదివి, "స్వస్థలం మెక్సికోనట! చూసినవా, ఫారిన్ తీగ!" అని మురిసిపోయాడు. నాకు నవ్వు ఆగలేదు. చేతిలోని చాయ్ చీర మీద ఒలికింది. పెద్దావిడకు ఏమైందోనని కోడళ్ళు కంగారుపడ్డారు. ఏమీ కాలేదు. ఒక ప్రశ్నకు సరైన సమాధానం యాభై ఏళ్ళు ఆలస్యంగా అందింది, అంతే.

అరవైతొమ్మిదిలో నేను పట్నంలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. చదువుతున్నానని అనడం కంటే వాదిస్తున్నానని అనడం న్యాయం. మా కళాశాల చర్చావేదికలో ఒకే అంశం మీద ఉదయం అనుకూలంగా, సాయంత్రం ప్రతికూలంగా మాట్లాడి రెండు పూటలా బహుమతి తెచ్చుకొన్న ఘనత నాది. ఆ ఘనతలో ఏదో లోపం ఉన్నదన్న అనుమానం అప్పటికింకా నాకు కలగలేదు. ఐదు నిమిషాల వ్యవధి, నాలుగో నిమిషానికి హెచ్చరిక గంట, ఆ చివరి నిమిషంలో శ్రోతల గుండెకు తగిలే దృష్టాంతం ఒకటి: వాదమంటే ఇంతేనని నా నమ్మకం. ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉధృతమై కళాశాలలు మూతపడ్డాయి. హాస్టలు ఖాళీ చెయ్యమన్నారు. బాపు వచ్చి, నా ట్రంకుపెట్టె భుజాన పెట్టుకొని, మొయినాబాద్ దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఎంకపల్లికి కాలినడకన నన్ను ఇంటికి చేర్చాడు.

ఇంట్లో నాకు శ్రోత ఒక్కతే, మా అవ్వ. బాపు వాళ్ళ అమ్మ. వయసులో ఉండగా పట్నంలో మిషన్ వాళ్ళ బంగళాలో ఆయాగా పనిచేసి వచ్చిన మనిషి. దొరసాని పిల్లలను పెంచిన చేతులివి అని చెప్పుకొని, మమ్మల్ని కూడా ఆ చేతులతోనే కొట్టేది. బంగళా గుర్తుగా ఆమెకు రెండే మిగిలాయి: ఉప్పు తక్కువైతే పెదవి విరిచే అలవాటు, పెరట్లో గిన్నెలు తోమే జాలారు గోడ పక్కన తడిక మీద పెంచుకొనే దొరసాని పూలు. వాటిని ప్రతి వేసవిలోనూ మొదలంటా కోసేసేది. వానలు తగ్గే వేళకు పూత మొదలై, చలి ముదిరేసరికి అవి తడిక నిండా పూసేవి. నేను వసారాలో అటూ ఇటూ తిరుగుతూ ఉపన్యాసం సాధన చేస్తుంటే అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తూ ప్రతి వాక్యానికీ అడ్డు తగిలేది. ఒకనాడు సహనం నశించి నియమం విధించాను.

"నడుమ మాట్లాడొద్దు అవ్వా. ఏమన్న ఉంటె నాది అయిపోయినంక అడుగు."

"అయిపోయిందని నాకెట్ల ఎర్క?"

"అందరు సప్పట్లు గొడ్తరు."

"ఇంట్ల నేనొక్కదాన్నే ఉంటి గదనే! నీ సప్పట్లు గుడ నేనే కొట్టాల్నా?"

అయినా ఆ నియమాన్ని అవ్వ ఒప్పుకొన్నది. అంతకంటే ఘోరంగా, దాన్ని పాటించింది.

ఆ వానాకాలంలోనే మా చిన్నమ్మ జామతోట మీదికి ఒక తీగ ఎక్కడం మొదలైంది. చిన్నమ్మ అంటే బాపు తమ్ముని భార్య. చిన్నాయన చనిపోయాక వాగు ఒడ్డున ఉన్న ఇరవై జామచెట్లను, కూతురినీ ఒక్కతే సాకుతున్నది. ఇంటి ముందుగదిని బడి టీచరమ్మకు కిరాయికి ఇచ్చింది. తీగ ముందు కంచెలోని సీతాఫలం పొదలను కప్పింది. తర్వాత కంచె దాటి జామకొమ్మలను అందుకొన్నది. ఆకు గుండె ఆకారంలో, మొనదేలి, అంచులు ముడతలు పడి, ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది. పువ్వు లేదు, కాయ లేదు. దాని పేరు ఎవరికీ తెలియదు కనుక అందరూ ఒక్కో పేరు చెప్పారు. బాపు తిప్పతీగ అన్నాడు. పక్కింటి పెద్దాయన ఆ మాట నమ్మి, జ్వరానికి దాని ఆకులతో కషాయం కాచుకొని మూడు పూటలు తాగాడు. జ్వరం తగ్గింది, తీగ వల్లనో, దాని రుచికి దడిసో చెప్పలేం. దూసరతీగ అన్నారు కొందరు, అడవిచిక్కుడు అన్నారు మరికొందరు. చిన్నమ్మ మాత్రం పేరు జోలికి పోకుండా కొడవలి తీసుకొని కోసింది. పది రోజులకు కోసినచోట రెండింతలు మొలిచింది. మళ్ళీ కోసింది. మళ్ళీ మొలిచింది. కింద నీడపట్టున ఉన్న జామకొమ్మలు పండుబారి ఆకు రాల్చసాగాయి.

దాని నైజం చెప్పింది టీచరమ్మ ఒక్కతే. ఆమెది కోస్తా వైపు, కృష్ణ ఒడ్డున ఏదో పల్లె. నాలుగేళ్ళ కిందట ఒక ట్రంకుపెట్టె, ఒక నల్లగొడుగు పట్టుకొని మా ఊరికి వచ్చింది. ఆమె వచ్చాకనే మా ఊరి బడిలో ఆడపిల్లలు ఐదో తరగతి దాటి చదవడం మొదలైంది. చిన్నమ్మ కూతురు ఆ ఏడు ఏడో తరగతి పరీక్షకు తయారవుతున్నది. మా ఊరి బడి నుంచి ఆ పరీక్ష రాయబోయే మొదటి ఆడపిల్ల; నేను చిన్ననాడే పట్నంలో మిషన్ బడి హాస్టలులో చేరి చదువుకొన్నదాన్ని. ఒక సాయంత్రం తోట దగ్గర టీచరమ్మ ఆ తీగను చేత్తో పట్టుకొని చూసి, "ఇది మహా మొండిదండీ. పైన ఎంత కోసినా లాభం లేదు. కింద దుంపలుంటాయి, గొలుసుకట్టుగా. వాటిని తవ్వి తీస్తే తప్ప పోదు" అన్నది. చిన్నమ్మ తల ఊపింది. పక్కనే ఉన్న నేను తల ఊపలేదు. నా మెదడులో వేరే గంట మోగింది.

ఆ రోజుల్లో మా ప్రాంతమంతా రెండు మాటలు మారుమోగుతుండేవి. ముల్కీ అంటే ఈ నేల మనిషి. గైర్‌ముల్కీ అంటే కానివాడు. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకు దక్కాలన్న వాదనలో అప్పుడూ ఇప్పుడూ నాకు తప్పు కనిపించదు. ఆ వాదన న్యాయమైనది. న్యాయమైన వాదనకు అబద్ధపు దృష్టాంతం జోడించినవాళ్ళ మాటేమిటన్నదే ఇక్కడి ప్రశ్న. ఊళ్ళోకి తిరిగివచ్చిన విద్యార్థులందరం కలిసి చావడి దగ్గర సభ పెట్టాం. నా వంతు వచ్చింది. ఉద్యోగాల గురించి, తెలంగాణకు రాసిచ్చిన రక్షణల గురించి నాలుగు నిమిషాలు బాగానే మాట్లాడాను. గంట కొట్టేవాళ్ళెవరూ లేకపోయినా అలవాటు కొద్దీ చెవిలో గంట వినిపించింది. దృష్టాంతం కావాలి. చిన్నమ్మ తోట గుర్తుకొచ్చింది.

"ఎక్కడ్నుంచో వస్తది. మన కంచె పట్టుకొని లేస్తది. మన చెట్టు నెత్తినెక్కి మన చెట్టుకే ఎండ తగలనియ్యది. దానికి మీరంత తలొక పేరు పెట్టిన్రు. అసలు పేరు నేను చెప్తున్న, వినుండ్రి. అది గైర్‌ముల్కీ తీగ!"

నవ్వులతో చావడి కప్పు లేచిపోయింది. వెనక నుంచి ఎవరో అరిచారు: "మరి దాన్ని మనూర్లెకు తెచ్చిందెవరు వకీలమ్మా?" అది ఊరు నాకు పెట్టిన పేరు. ఆ ప్రశ్నకు నా దగ్గర రుజువు లేదు. రుజువు లేనప్పుడు ప్రశ్నకు ప్రశ్నతో జవాబివ్వాలని మాకు నేర్పారు. "కింద గడ్డ ఉంటదని ఊర్లె ఎవ్వరికన్న ఎర్కనా? తవ్వి చూడకముందే గడ్డ సంగతి ఎర్కున్నోళ్ళు ఎవరో, వాళ్ళనే అడుగుండ్రి!" అన్నాను. చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. ఎదురుగా బడి వసారాలో టీచరమ్మ నిలబడి ఉన్నది. వాన లేదు, అయినా విప్పిన గొడుగును నెమ్మదిగా ముడిచి, లోపలికి వెళ్ళిపోయింది.

ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదని ఊరి పెద్దలు తర్వాత చెప్పుకొన్నారు. నిజమే. పెద్దలు అనలేదు. పిల్లలు అన్నారు. హాజరు పిలుస్తుంటే వెనక వరస నుంచి "గైర్‌ముల్కీ" అన్న గుసగుస. బడి తలుపు మీద బొగ్గుతో అదే మాట, రెండు అక్షరదోషాలతో. ఒక పొద్దున ఆమె గది గొళ్ళేనికి నాలుగు మూరల తీగ చుట్టి ఉన్నది. కొట్టలేదు, తిట్టలేదు, నవ్వారు, అంతే. ఆ శనివారం చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో కొడవలి అలాగే ఉన్నది. అరుగు మీద కూర్చోలేదు.

"టీచరమ్మ బదిలీకి దరఖాస్తు రాసుకున్నది. సోమవారం చేవెళ్ళకు పోయి సమితి ఆఫీసుల ఇస్తదట. మంచిగనే చేసినవు బిడ్డా. నువ్వు పట్నంల చదువుకుంటివి, నీకేం ఫికర్? నా పిల్ల చదువు ఆగిపోతె దానికెవరు చెప్తరు, నువ్వు చెప్తవా? చెప్పు మరి, రేపట్నుంచి రా. పొద్దుగాల లెక్కలు, మాపటికి ఇంగ్లీషు. నీకు ఇంగ్లీషు మంచిగొస్తది గద!"

నాకు లెక్కలు రావన్న సంగతి అప్పుడు చెప్పదగినది కాదు.

వాదంలో ఇరుక్కున్నప్పుడు మూలానికి వెళ్ళమని మా అధ్యాపకురాలు చెప్పేది. కాబట్టి టీచరమ్మ గదికి వెళ్ళాను. క్షమాపణ అడగడానికి వెళ్ళానని రాసుకొంటే బాగుంటుంది. కానీ వెళ్ళింది ప్రశ్న అడగడానికి. ఆమె పుస్తకాలను ట్రంకుపెట్టెలో సర్దుతున్నది. "ఆ తీగను మీరే తెచ్చారా?" అన్నాను. సర్దడం ఆపకుండానే చెప్పింది.

"అమ్మాయ్, నేనొచ్చింది ఈ పెట్టెతో, ఆ గొడుగుతో. ఈ రెంట్లో ఎందులో పెట్టుకుని తెచ్చానంటావు? మా మేనమామగారి దొడ్డినంతా కప్పేసింది ఆ తీగ. చిన్నప్పుడు సెలవులన్నీ దాన్ని తవ్వడంతోనే సరిపోయేవి. అందుకని తెలుసు. తెలిసినా చెప్పకూడదని మాత్రం ఇక్కడికొచ్చాక తెలిసింది."

బయటికి వస్తుంటే నా వాదంలో పగులు నాకే కనిపించింది. దాని నైజం ఆమెకు తెలుసు. కనుక ఆమే తెచ్చింది. ఈ రెండు వాక్యాల మధ్య "కనుక" అన్న మాట తప్ప వంతెన ఏదీ లేదు. ఆ మాటను అక్కడ పెట్టింది నేనే. ఎదుటి పక్షంలో ఎవరైనా ఉండి ఉంటే అర నిమిషంలో నన్ను చిత్తు చేసేవారు. నా దురదృష్టం కొద్దీ ఆ సభలో ఎదుటి పక్షం లేదు. కానీ తప్పు వాదమని తెలిసినంత మాత్రాన నిజం తెలిసినట్టు కాదు. ఆమె తేకపోతే మరి ఎవరు తెచ్చారు?

మరునాడు ఆదివారం. చర్చి ముగిశాక వాగు దారిన తిరిగి వస్తూ చిన్నమ్మ తోట దగ్గర ఆగాను. అన్నిటికంటే ఎత్తయిన జామచెట్టు కొసన, ఎండ బాగా తగిలేచోట, ఆ తీగ మొదటిసారి పూసింది. గులాబిరంగు గుత్తి ఒకటి. గుత్తి చివర సన్నని నులితీగ, చిటికెనవేలు వంచినట్టు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న పువ్వు అది. క్రిస్మసుకు మా చర్చి కిటికీలకు కట్టే పువ్వు. అవ్వ దొరసాని పువ్వు! తడిక మీద పద్ధతిగా, పూలతో కనిపించేదాన్ని తోటలో నీడన ఆకులతో మాత్రమే కనిపించేసరికి నేను పోల్చుకోలేకపోయాను. ఊళ్ళో ఎవరూ పోల్చుకోలేకపోయారు. అందరికీ పువ్వు తెలుసు, ఆకు ఎవరికీ తెలియదు.

చెట్టెక్కి గుత్తి తెంపుకొని ఇంటికి పరిగెత్తాను. అవ్వ ఆదివారపు తెల్లచీర మార్చుకోకుండానే రేషను బియ్యం ఏరుతున్నది.

"అవ్వా, చిన్నమ్మ తోట మీదికెక్కింది మన దొరసాని పూల తీగనే గదా?"

"మరి? ఇంకేంది?"

"నీకు ఎర్కనేనా?"

"నేను పెంచిన తీగ నాకెర్క ఉండదా! వానలు వడంగనే చూసిన."

"మరి ఆనాడు చావడి కాడ నేను గట్ల మాట్లాడుతుంటె చెప్పకపోతివి?"

"నడుమ మాట్లాడొద్దంటివి గద. సప్పట్లు గొట్టినంక అడుగుమంటివి. సప్పట్లు గొట్టిన్రు. కొట్టినంక అందరు నిన్ను ఎత్తుకున్నంత పని చేసిన్రు. ఇంగ ముసల్దాని మాట ఎవరు వింటరే?"

నా జీవితంలో నన్ను ఓడించిన వాదాల్లో ఇంత పొట్టిది మరొకటి లేదు. అవ్వ గొంతు తగ్గించి ఇంకో సంగతి కూడా చెప్పింది. బంగళా వదిలి వచ్చే రోజున ఆ తీగ గడ్డ ఒకటి దొరసానిని అడగకుండానే కొంగున కట్టుకొని తెచ్చిందట. "అడిగితె ఇయ్యకపోవునా, ఇచ్చేదే. కాని అడగలె. గందుకె ఎన్నడు ఎవ్వరికి చెప్పలె." చర్చిలో ముందు వరసలో కూర్చొనే మనిషికి అది చిన్న బరువేమీ కాదు. ఆ బరువును ఇరవై ఏళ్ళు తడిక వెనక దాచిపెట్టింది.

అవ్వ, నేను కలిసి జాలారు గోడ పక్కన తవ్వాం. వాన నీళ్ళకు నేల మెత్తగా ఉన్నది. జానెడు లోతున మొదటి గడ్డ తగిలింది. మేము కందగడ్డ అనే చిలగడదుంపలా ఉన్నది. దాని వెనక మరొకటి. చివరికి గోడ పునాది కింద నుంచి చిన్న గుమ్మడికాయంత గడ్డ బయటపడింది, మట్టిరంగుతో, ముడతలతో, ముసలిముఖంతో. ఇక్కడ పుట్టినది వాగు ఒడ్డుకు ఎట్లా వెళ్ళిందన్న ప్రశ్నకు కూడా అవ్వే జవాబిచ్చింది. మనం క్రిస్మసుకు చర్చికి కట్టిన పూలను ఏం చేస్తాం? పెంటకుప్ప మీద వేస్తాం. ఆ పెంట చేలకు పోతుంది. దసరా ముందు పక్క వాడల ఆడవాళ్ళు బతుకమ్మకు గులాబిరంగు పూలు తక్కువయ్యాయని గంపలతో వచ్చి ఇవే కోసుకొని పోతారు. ఆ బతుకమ్మలన్నీ వాగులో సాగనంపేవే. గింజలు నీళ్ళ మీద తేలుతూ పోయి చిన్నమ్మ తోట ఒడ్డున ఆగుతాయి. ఊరంతా కలిసి, పండుగ పండుగకూ, పాటలు పాడుతూ నాటిన తీగ అది.

ఆ సాయంత్రమే చావడికి వెళ్ళి, ఐదు నిమిషాలు మాట్లాడనివ్వమని అడిగాను. పదిమంది ఉన్నవాళ్ళు నలభైమంది అయ్యారు. మొన్నటి సభలో నేనన్న మాట తప్పని మొదలుపెట్టగానే వెనక నుంచి మళ్ళీ ఆ గొంతే: "మొన్న గట్లంటివి, ఇయ్యాల గిట్లంటున్నవు. రేపొచ్చి ఇంకేమంటవు వకీలమ్మా?" అందరూ నవ్వారు. ఒకే అంశానికి రెండు పక్కలా మాట్లాడగలనని కళాశాలలో మెచ్చుకొన్నారే గాని, రెండోసారి నిజం చెప్పినా ఎవరూ నమ్మరని ఎవరూ హెచ్చరించలేదు. నాకు మాట తడబడింది. తర్వాతి వాక్యం ఆ నవ్వుల్లో కలిసిపోయింది. బడి తలుపు మూసి ఉన్నది; కిటికీ మాత్రం తెరిచి ఉన్నది.

అప్పుడు అవ్వ గంప నెత్తిన పెట్టుకొని జనం మధ్య నుంచి వచ్చింది. మెట్లు ఎక్కలేదు. గంపను కిందికి దించి, ఆ పెద్ద గడ్డను రెండు చేతులా ఎత్తి చూపించింది.

"ఇగో, చూడుండ్రి. ఇది నేను తెచ్చిన. పట్నంల బంగళ నుంచి, దొరసానిని అడగకుంట, కొంగున కట్టుకొని తెచ్చిన. క్రిస్మసుకు మీరు కట్టిన్రు, బతుకమ్మకు మీరు పేర్చిన్రు. టీచరమ్మ ఎన్నడు ఒక్క పువ్వు గుడ తెంపుకోలె. దొంగను పట్టుకోవాల్నంటె నన్ను పట్టుకోండ్రి. ఇగ సప్పట్లు కొడ్తరా, కొట్టుండ్రి. కొట్టినంక ఎవనికన్న అడగాల్నని ఉంటె అడుగుండ్రి."

ఎవరూ కొట్టలేదు, ఎవరూ అడగలేదు. వెనక గొంతు మాత్రం, "మా ఇంటి ఎనక గుడ ఉన్నదవ్వా. నువ్విచ్చిందే" అన్నది మెల్లగా. ఇంకొకరు తమ బావి గట్టు మీద కూడా ఉన్నదన్నారు. ఒక్కొక్కరే చెప్పసాగారు. నేను మెట్టు మీద నిలబడే ఉన్నాను గానీ, సభ నన్ను దాటి ఎప్పుడో వెళ్ళిపోయింది.

చీకటి పడకముందే టీచరమ్మ గది ముందు నిలబడి, ఈసారి ప్రశ్న కాకుండా, తప్పు నాదని చెప్పాను. దృష్టాంతం కోసం మిమ్మల్ని వాడుకొన్నానన్నాను. ఆమె విని, "మీ అవ్వగారి మాటలు కిటికీలోంచి విన్నాను. నీవి వినబడలేదు, గొంతు రాలేదు కదూ" అన్నది. క్షమించానని అనలేదు. దరఖాస్తు సంగతి ఎత్తలేదు. సోమవారం పొద్దున గొడుగు పట్టుకొని, బస్సు కోసం మొయినాబాద్ దారిన నడిచి వెళ్ళిపోయింది. సంచిలో మడతపెట్టిన కాగితం కనిపించిందని చిన్నమ్మ కూతురు చెప్పింది.

ఆ రోజంతా చిన్నమ్మ, నేను జామతోటలో ఉన్నాం. తవ్వడానికి మాకున్నది మొద్దుబారిన ఒకే ఒక్క పార. నేను తవ్విన గుంటలన్నీ చిన్నమ్మ మళ్ళీ తవ్వి, నేను వదిలేసిన గడ్డలు తీసి నా ముందు పడేసింది. సాయంత్రం బస్సు వేళ దాటింది. పొలాల మీది గాలి చల్లబడుతుండగా వాగు దారిన నల్లగొడుగు కనిపించింది. భుజాన ఏదో బరువు మోస్తూ కొంచెం పక్కకు వంగి నడుస్తున్నది టీచరమ్మ. దగ్గరికి వచ్చి, రెండు కొత్త గడ్డపారలను ఖంగుమని నేల మీద దించింది.

"పలుగు కావాలంటే ఆ దుకాణాయనకి అర్థం కాలేదండీ. చేత్తో పొడిచి చూపిస్తే, గడ్డపారా అమ్మా అన్నాడు. గడ్డ తీసేది కాబట్టి గడ్డపార. మీ మాటే బావుంది, తప్పు చేద్దామన్నా వీల్లేకుండా."

చిన్నమ్మ అడగలేక అడిగింది: "మరి ఆఫీసుల కాయిదం ఇచ్చినవా టీచరమ్మా?"

"ఆ గుమాస్తా సీట్లో లేడండీ. ఉన్నా, ఈ రెండూ మోసుకుంటూ మేడ మెట్లెక్కే ఓపిక నాకు లేదు. ఇదిగో అమ్మాయ్, ఒకటి పట్టుకో. తీగ పైన కోసేటప్పుడు జానెడు మొదలు వదలాలి, లేకపోతే గడ్డ ఎక్కడుందో తెలియదు. తీసిన గడ్డని పెంటకుప్ప మీద వెయ్యకు. బండ మీద ఎండబెట్టి కాల్చాలి."

చిన్నమ్మ ముఖం చూడలేదు నేను. మట్టిచేతులతోనే కళ్ళు తుడుచుకొన్నదని, అందుకే రాత్రి దాకా ముఖాన బురద చారలున్నాయని అవ్వ ఎగతాళి చేసింది.

ఆ తీగ ఆ ఏడే పోయిందనుకొంటే పొరపాటు. కళాశాలలు మళ్ళీ తెరిచి నేను పట్నం వెళ్ళాక కూడా ప్రతి సెలవుకూ వచ్చి తవ్వాను. పువ్వు కాయ కట్టకముందే తెంపాలి, పక్షానికోసారి మొలకలు చూసుకోవాలి. మూడు వానాకాలాలు పట్టింది. జామచెట్లలో రెండు పోయాయి, పద్ధెనిమిది బతికాయి. చిన్నమ్మ కూతురు ఏడో తరగతి దాటి, పదో తరగతి దాటి, తానే ఒక బడిలో టీచరైంది. టీచరమ్మ మా ఊళ్ళోనే మరో తొమ్మిదేళ్ళు ఉన్నది. ఆఖరు దాకా ఆమెది కృష్ణ ఒడ్డు యాసే, మాది మా యాసే. మేమిద్దరం ఉద్యమం గురించి కూడా వాదించుకొన్నాం, చాలాసార్లు, గట్టిగా. నా పక్షం నేను వదల్లేదు, ఆమె పక్షం ఆమె వదల్లేదు. అయితే అప్పటి నుంచి నేను ఎదుటి పక్షం లేని సభలో మాట్లాడలేదు. లేకపోతే ముందే ఒకరిని వెతికి కూర్చోబెట్టుకొన్నాను.

అవ్వ పోయింది, చిన్నమ్మ పోయింది, టీచరమ్మ తన ఊళ్ళో కన్నుమూసిందని ఒక ఉత్తరం వచ్చి కూడా ఇరవై ఏళ్ళవుతున్నది. మనుషులకు కాలం అంతే వ్యవధి ఇస్తుంది. గడ్డలకు మాత్రం ఎన్ని ఎండాకాలాలైనా ఓపిక పట్టే అవకాశం ఇస్తుంది. చిన్నమంగళారం నుంచి చేవెళ్ళ దాకా కొత్త గేట్ల మీద, కంచెల మీద ఆ గులాబిరంగు గుత్తులు మళ్ళీ ఊగుతున్నాయి. కాబట్టి ఈ పేజీ మూసిపెట్టి మీరొక పని చెయ్యండి. మీ ఇంట ఆ తీగ ఉంటే, ఈ వానలకు నేల మెత్తబడగానే చివరి గడ్డ దాకా తవ్వి, ఎండబెట్టి కాల్చండి. ముద్దుగా ఉన్నదని మీరు కొమ్మ పంచిన ఇళ్ళకు కూడా వెళ్ళి తవ్వి రండి. ఎవరు తెచ్చారు దీన్ని అని అక్కడ ఎవరైనా అడుగుతారు. అప్పుడు ముందుగా మీ పేరే చెప్పండి.